అటు మొగ్గిన ముల్లు

ముందే ఒప్పుకుంటున్నాను: నేను చినుకును వరదగా చెప్పే మనిషిని. కనుక ఈ వ్యాసంలోని ప్రతి కొలతనూ పాఠకులు సగానికి కోసుకోవచ్చు. ఒక్క వార్తను మాత్రం కోయడానికి వీల్లేదు. పసుపు మరపట్టే గిర్నీ గంగారాం అన్న ఇక లేడు. పొద్దున్నే గిర్నీ తాళం తీస్తూ తలుపు మీదికే ఒరిగిపోయాడని విన్న క్షణంలో నా చేతిలోని చాయ్ గడ్డకట్టింది.

ఆర్మూర్ పసుపు మార్కెట్ వెనక వీధిలో నలభై ఏళ్లు ఆయన పసుపు కొమ్ములు పొడి పట్టి అమ్మాడు. ఆ గిర్నీ తిరగడం మొదలైతే మోర్తాడ్ దాకా తుమ్ములు వినిపించేవి. ఆయన దేహం పసుపు, చొక్కా పసుపు. నీడ సైతం పసుపేనని నా ప్రగాఢ విశ్వాసం. తూచడం అయ్యాక, త్రాసు ముల్లు నడుమ నిలిచాక, ఇంకో గుప్పెడు పొడి వేసేవాడు. అదే కొసరు. "ముల్లు నడుమ నిలవడితె బాకీ తీరినట్టు గాదు తమ్మీ. జర అవుతలోని దిక్కు మొగ్గాలె. గప్పుడే మనకు నిద్ర వడ్తది" అనేవాడు.

ఆ మహానుభావుడి చేతికి ఎవరో క్రెడిట్ కార్డు అంటగట్టారు. బిల్లు నాలుగు వేల మూడు వందలు వస్తే నాలుగున్నర వేలు కట్టేవాడు. నెలనెలా అంతే. ఒకనాడు నేను అక్కడుండగానే బ్యాంకు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, మీరు ఎక్కువ కట్టారు. ఆ డబ్బు వాపస్ వేస్తాం."

"కొసరు వాపస్ తీస్కుంటరా బిడ్డా, ఎక్కడన్న?"

"కొసరంటే ఏంటి సార్?"

ఆయన మూడు గంటలు వివరించాడు. చివరికి ఆ పిల్ల దీనంగా, "మా దగ్గర అది రాసే గడి లేదు సార్" అంది.

"లేకుంటె గీసుకోండ్రి!"

ఆ కార్డుతోనే మా ఇంటికి ఫ్రిజ్ కొనిచ్చాడు. మా ఆవిడ ఇన్సులిన్ చల్లగా ఉంచుకోవలసిన రోజులవి. నేను అడగలేదు, ఆటోలో వేయించి పంపాడు. ఆ పైకం నెల తిరక్కుండా కొసరుతో సహా చెల్లించానని సగర్వంగా మనవి చేస్తున్నాను.

వాళ్లింట్లో ఒక ఆచారం ఉంది. పదకొండో రోజున, భోజనాల బంతి కూర్చోకముందే, పోయినవాడు ఎవరికైనా బాకీ ఉన్నాడా అని ఇంటివాళ్లు అందరినీ అడగాలి. బాకీతో పోయినవాడి ఆత్మ గడప దాటదని నమ్మకం. ఆ వేళకు ఆయన భార్య నర్సవ్వ వదినె నన్ను లోపలికి పిలిచింది. చేతిలో కార్డు బిల్లు. మొత్తం ముందు ఒక చిన్న అడ్డగీత.

"జర సదువు తమ్మీ. మైనస్ అంటె అప్పే గద? ఒకల పైస ఒక్కనాడు ఉంచుకోనోడు, గిట్ల పోయిండా?"

మూడుసార్లు చదివాను. ముప్పై అని రాయబోయి ఆగాను.

"వదినె, అన్న బ్యాంకుకు బాకీ లేడు. బ్యాంకే అన్నకు బాకీ ఉన్నది. గిది కొసరు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో తెలియలేదు. "బ్యాంకోనికి గూడ కొసరేసిండా! పిచ్చి మనిషి" అంది.

తర్వాత తలెత్తుకుని ముంగిట్లోకి నడిచి, అందరి ముందూ అడిగింది: "మా ఆయన ఎవలకన్న బాకీ ఉన్నడా? ఉంటె చెప్పుండ్రి."

ఒక్క గొంతూ లేవలేదు. ఆ ప్రశ్నను తిరగేసి అడిగే ఆచారం లేదు గానీ, ఉండి ఉంటే సగం ఆర్మూర్ తల వంచుకునేది.

ఇక నా వంతు. చాయ్, తుమ్ములు, మూడు గంటలు నేను ఉబ్బించినవే; అయినా వాటన్నిటిలోనూ గింజంత నిజం ఉంది. పూర్తిగా కల్పించింది ఒక్కటే. ఫ్రిజ్ పైకం నేను చెల్లించలేదు. ఆయన ఒక్కనాడూ అడగలేదు. ఆ ముంగిట్లో అందరితో పాటు నేనూ మౌనంగా నిలబడ్డాను.

రేపు పొద్దున ఆ పైకం వదినె చేతిలో పెడతాను. అసలెంతో తెలుసు. కొసరెంతో తెలియదు. అది వేసే చెయ్యి ఈ ఊళ్లో ఇక లేదు.