నిజంగానే నొప్పి అన్నాను, హాలంతా నవ్వింది

ఆ రోజు పొద్దున చేపల గంపలు ఆటోలోకి ఎత్తుతుంటే నా ఎడమ దవడ లాగింది. పంటి నొప్పి అనుకున్నాను. కాసేపటికి అదే నొప్పి భుజంలోకి దిగింది. పంటి నొప్పి భుజంలోకి ఎందుకొస్తుందని అప్పుడైనా ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. రాత్రి తిన్న రొయ్యల వేపుడు మీద నెపం పెట్టి ఒక గోలీసోడా తాగాను. పెద్ద తేన్పు వచ్చింది. తేన్పు వస్తే మా పల్లెలో రోగం పోయినట్టే లెక్క.

మాది నెల్లూరు జిల్లాలో ముత్తుకూరు దాటాక సముద్రం వైపున్న పల్లె. నా పేరు శీనయ్య, ఆటో తోలుతాను. పొద్దున చేపలమ్ముకునే ఆడవాళ్ళను, తర్వాత పవర్ ప్లాంటు కూలీలను ఎక్కించుకుంటాను. ఐదో తరగతిలోనే బడి మానేశాను, అయ్యవారు కూడా వెనక్కి రమ్మని అడగలేదు. చదువు లేకపోయినా నోరుంది. నా ఆటో ఎక్కినవాళ్ళు దిగేదాకా నవ్వుతూనే ఉంటారు.

ఈ నోరే నాకు ఇంకో పని తెచ్చిపెట్టింది. ఎవరికైనా హఠాత్తుగా ప్రాణం మీదికి వస్తే అంబులెన్సు వచ్చేలోపు పక్కనున్నవాళ్ళు ఏం చేయాలో నేర్పడానికి నెల్లూరు నుంచి ఒక బృందం మా వైపు వచ్చేది. ఆటోవాళ్ళు, వేటకు పోయేవాళ్ళు, ప్లాంటు కూలీలు తుఫాను షెల్టరు మేడ మీది హాల్లో కూర్చుని నేర్చుకునేవాళ్ళు. నేర్పేది గ్రేస్ సిస్టర్. పెద్దాసుపత్రి ఎమర్జెన్సీలో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి. కట్టు కట్టడం, మోసుకుపోవడం లాంటివి నేర్పడానికి రోగి వేషం వేసేవాడు ఒకడు కావాలి. సిస్టర్ అడగ్గానే అందరూ నావైపే చూశారు.

ఆ వేషం నాకు బాగా కుదిరింది. పాము కరిచినవాడిగా నురగ కక్కాను. మునిగినవాడిగా మీనులా కొట్టుకున్నాను. నేను చచ్చిన ప్రతిసారీ చప్పట్లే. "శీనయ్యా, పేషెంటు ఇంతలా మాట్లాడడు" అని సిస్టర్ తిట్టేది. "నేను ప్రైవేటు వార్డు పేషెంటుని సిస్టర్, ఎంతసేపైనా మాట్లాడతా" అనేవాణ్ణి.

నొప్పి మొదలైన రోజు మధ్యాహ్నం కూడా తరగతి ఉంది. పోవద్దని మా ఇంటిది మంగమ్మ చెప్పింది. "మొహం చూసుకున్నావా? ఎండిన మాగ చేప లెక్క ఉండావు. పడుకో" అంది. వేషగాడు లేకపోతే ఆట ఎట్టా సాగుతుందని బయలుదేరాను. మేడ మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. ఎండ, ఉప్పుగాలి అనుకున్నాను. మా వైపు ఎవరికి చెమట పట్టదు?

ఆ రోజు పాఠం గుండెపోటు.

గ్రేస్ సిస్టర్ బోర్డు దగ్గర నిలబడి లక్షణాలు చెబుతోంది. "ఛాతీ మీద బరువు పెట్టినట్టు ఉంటుంది. అందరికీ అక్కడే రావాలని లేదు. ఎడమ చెయ్యి, భుజం, దవడ లాగొచ్చు. చల్లని చెమటలు పడతాయి. గ్యాసు అనుకుని సోడా తాగి కూర్చుంటారు, అదే ప్రమాదం."

ఆమె ఒక్కొక్కటి చెబుతుంటే నా ఒంట్లో ఒక్కొక్కటీ హాజరు పలుకుతోంది. చెమట చల్లగా ఉంది. సోడా సంగతి ఈమెకెట్లా తెలిసిందా అనిపించింది. అంత భయం నేను వేటకు పోయే రోజుల్లో నడిసంద్రంలో గాలివాన మధ్య కూడా ఎరగను.

చెయ్యెత్తాను. "సిస్టర్, నాకు నిజంగానే అట్టా ఉండాది" అన్నాను.

హాలంతా నవ్వింది.

అందరికంటే గట్టిగా నవ్వింది నా చిన్ననాటి స్నేహితుడు కోటయ్య, వేటకు పోయే మనిషి. "అబ్బ, ఈసారి ముందే మొదలెట్టినాడ్రా! సిస్టర్, వీడికి అవార్డు ఇప్పించండి" అన్నాడు.

"కోటా, నిజంరా. పొద్దుట్నించి..." అన్నాను.

"పొద్దుట్నించి రిహార్సలా?"

సిస్టర్ కూడా నవ్వు ఆపుకుంటూ, "సరే, బాగుంది. ఇక డైలాగులు చాలు. చాప మీద పడుకో" అంది. ఆమెను తప్పు పట్టను. పోయినసారి "సిస్టర్, ప్రాణం పోతుండాది, నిజం" అని ఏడ్చి, ఆమె కంగారుపడి దగ్గరికి రాగానే కన్ను కొట్టింది నేనే.

మళ్ళీ చెబుదామని నోరు తెరిచాను. గుండెల మీద పడవ బోర్లించినట్టు బరువు పడింది. మాట రాలేదు. చాప దాకా నడిచానో, అక్కడే పడ్డానో నాకు గుర్తు లేదు. చివరగా కనిపించింది చప్పట్లు కొడుతున్న చేతులు. ఆ చప్పట్లు నా చావుకే కొడుతున్నారని తెలుస్తోంది, చెప్పడానికి గొంతు లేదు.

తర్వాత జరిగింది వాళ్ళూ వీళ్ళూ చెప్పగా విన్నదే.

సీపీఆర్ అంటే గుండె ఆగినవాడి ఛాతీని గట్టిగా నొక్కి రక్తం తిరిగేలా చేయడం. నేర్చుకునేటప్పుడు నొక్కేది రబ్బరు బొమ్మనే. వేషం వేసిన మనిషిని నిజంగా నొక్కితే ఎముకలు విరుగుతాయి, అందుకని అతని మీద చేతులు గాలిలో ఆడించాలి. ఇద్దరు కూలీలు వచ్చి పాఠం ప్రకారం నా భుజం తట్టి, "అన్నా, అన్నా, బాగుండావా?" అని అడిగారు. నేను పలకలేదు. "భలే చేస్తుండాడు" అన్నారు. నా ఛాతీకి జానెడు ఎత్తున చేతులు ఆడించారు. కింద నా గుండె ఆగిపోయి ఉంది, పైన వాళ్ళు గాలిని నొక్కుతున్నారు.

కోటయ్య ఊరుకునే రకం కాదు. వంగి, "ఒరే శీనా, నీ ఆటో కంటే మా ఊరి ఎద్దుబండి నయంరా" అన్నాడు. నేను పలకలేదు. "మీ అత్త వస్తా ఉండాదిరా, లెయ్" అన్నాడు. దానికీ పలకలేదు.

వాడి నవ్వు అక్కడ ఆగింది. మా అత్త మాటెత్తితే నేను జవాబు చెప్పకుండా ఉండడం ఈ జన్మలో జరగలేదు. వాడు నా గడ్డం పట్టుకుని తిప్పి, "సిస్టర్! వీడు వేషంలో లేడు! వీడికి జవాబు రాలా, సిస్టర్!" అని అరిచాడు.

గ్రేస్ సిస్టర్ ఒక్క అంగలో వచ్చి మెడ మీద వేళ్ళు పెట్టింది. "పల్స్ లేదు. ఇది నిజం. కోటయ్యా, నొక్కు! 108కి ఫోన్ చేయండి!"

కోటయ్య మోకాళ్ళ మీద కూర్చుని నొక్కడం మొదలెట్టాడు. భయంలో వాడి చేతులకు తెలిసిన పనే గుర్తొచ్చినట్టుంది, ఒడ్డున వల లాగే పద్ధతిలో "ఐలేసా" అని దీర్ఘం తీసి ఒక్కసారి నొక్కి, ఊపిరి పీల్చుకుని మళ్ళీ నొక్కుతున్నాడట. వల అట్లాగే లాగాలి, అందరి చేతులూ కలిసేదాకా ఆగాలి. గుండె అంతసేపు ఆగదు. "వల కాదయ్యా! తొందరగా! నా లెక్కతో నొక్కు!" అని సిస్టర్ చప్పట్లు చరుస్తూ లెక్క చెప్పింది. వాడు అలిసిపోతే ఇంకొకడు, వాడి తర్వాత ఇంకొకడు. ముందు నవ్విన హాలంతా నా కోసం వరుసలో నిలబడి నొక్కింది. నా పక్కటెముక విరిగిన చప్పుడు విని, మళ్ళీ వంతుకొచ్చిన కోటయ్య చేతులు తీసేశాడట. "విరగనీ! ఆపొద్దు!" అంది సిస్టర్.

అంబులెన్సువాళ్ళు వచ్చి గుండెకు కరెంటు షాక్ ఇచ్చారు. మొదటిసారికి లేవలేదు. రెండోసారికి గుండె దారికొచ్చింది.

నేను కళ్ళు తెరిచేసరికి అంబులెన్సులో ఉన్నాను. మొహం మీద మాస్కు. పక్కన కోటయ్య ముక్కు చీదుకుంటూ, "ఒరే, ఒక మాట మాట్లాడరా. తిట్టరా నన్ను" అంటున్నాడు. తిట్టాలనే ఉంది. ఊపిరి పీలిస్తే ఛాతీలో కత్తి దిగుతోంది.

నెల్లూరులో ఈసీజీ తీశారు. డాక్టరు గారు మంగమ్మతో, "యాంటీరియర్ వాల్ ఎంఐ, మేజర్ అటాక్. వెంటనే యాంజియో చేసి స్టెంట్ వేయాలి" అన్నారు. ఆమెకు మేజర్ అన్న ముక్క ఒక్కటే అర్థమైంది. గోడకు చేరబడి కిందికి జారిపోయింది. నన్ను స్టెంట్ వేసే గది, క్యాథ్ ల్యాబ్‌లోకి తోశారు. అక్కడ చలి. మత్తు ఇవ్వరు, మెలకువగానే ఉంచుతారు. మణికట్టు దగ్గర నుంచి తీగ పోతుంటే తెరమీద నా గుండె చీకట్లో ఆడుతూ కనిపించింది. చూడలేక కళ్ళు మూసుకుంటే, "శీనయ్య గారూ, కళ్ళు తెరవండి, మాతో మాట్లాడుతూ ఉండండి" అన్నారు డాక్టరు. జన్మలో మొదటిసారి ఒకే రోజు ఇద్దరు నన్ను మాట్లాడమని బతిమాలారు, నాకు మాట తట్టలేదు.

మర్నాడు రౌండ్స్‌లో ఆయన ఇట్లా అన్నారు. "ఎల్ఏడీలో, అంటే గుండెకు పోయే పెద్ద రక్తనాళంలో, ఫుల్ బ్లాక్. తీసేశాం. మీవాళ్ళు అక్కడ నొక్కి ఉండకపోతే ఇక్కడ నాకు పని ఉండేది కాదు."

ఐసీయూలో నాకు నొప్పికంటే భయం ఎక్కువ. నిద్రపడితే మళ్ళీ ఆ చప్పట్లు వినిపిస్తాయని కళ్ళు మూసేవాణ్ణి కాదు. మానిటర్ చప్పుడు ఒకటి తప్పితే ఇంకోటి వచ్చేదాకా దుప్పటి పట్టుకుని ఉండేవాణ్ణి. కోటయ్య చూడటానికి వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

"రారా, లోపలికి" అన్నాను.

"మొదట నవ్వింది నేనేరా" అన్నాడు.

"నవ్వితే నవ్వినావు గానీ, ఎముక ఎందుకు ఇరిచినావురా ఎదవా?" అన్నాను. వాడు నవ్వబోయి ఏడ్చాడు. నేను నవ్వబోతే ఎముక పొడిచి నాకూ కళ్ళనీళ్ళు వచ్చాయి. ఇద్దరికీ ఏడుపు ఎందుకొచ్చిందో నర్సుకు అర్థం కాక వాణ్ణి బయటికి పంపించింది.

ఇంటికొచ్చాక భయం తగ్గుతుందనుకున్నాను. పెరిగింది. స్నానాల గది గడియ మంగమ్మ ఊడదీయించింది. నేను లోపల ఉన్నంతసేపు బయట నిలబడి, "ఉండావా?" అంటుంది. "ఉండా" అనాలి. సబ్బు నోట్లోకి పోయి జవాబు ఆలస్యమైతే తలుపు తోసుకొచ్చేస్తుంది. చెయ్యి తిమ్మిరెక్కితే భయం, తేన్పు వస్తే భయం, రాకపోయినా భయం. ఒంటరిగా ఆటోలో కూర్చుంటే స్టీరింగు మీదే పోతానేమో అనిపించేది.

ఒక సాయంత్రం టీ బంకు దగ్గర ఛాతీలో మళ్ళీ పట్టేసింది. చుట్టూ మనుషులున్నారు. నోరు తెరవలేదు. చెబితే మళ్ళీ నవ్వుతారేమోనని పళ్ళు బిగించి కూర్చున్నాను. చావు భయం కంటే ఆ నవ్వు భయం పెద్దదైపోయింది, అదీ నా పరిస్థితి. కోటయ్య గ్లాసు కింద పెట్టి నా మొహంలోకి చూశాడు.

"నిజమా?" అన్నాడు.

తల ఊపాను. టీ డబ్బులు కూడా ఇవ్వకుండా నన్ను ఆసుపత్రికి ఎత్తుకుని పోయాడు.

ఈసీజీలో కొత్త మార్పు లేదు. గుండె దెబ్బతింటే రక్తంలో తేలే ట్రోపోనిన్ కూడా నెగిటివ్. "ఎముక అతుక్కునే నొప్పి, దానికి తోడు యాంగ్జైటీ" అన్నారు డాక్టరు గారు. అనవసరంగా వచ్చానని సిగ్గుపడ్డాను. ఆయన కోప్పడ్డారు. "ఎన్నిసార్లు ఉత్తదైనా మళ్ళీ రండి. ఇంట్లో కూర్చుని అది గ్యాసో గుండెపోటో మీరే తేల్చుకోవద్దు." భయానికి కూడా కొన్నాళ్ళు మందు రాశారు. అది వేసుకోవడానికి మొదట నామోషీ పడ్డాను. వేసుకున్నాక నిద్ర పట్టింది.

ఇప్పుడు రక్తం పలచబడే మాత్రలు మానకుండా వేసుకుంటున్నాను. ఉప్పుచేప మానేశాను, అది గుండెపోటు కంటే పెద్ద కష్టం. డాక్టరు ఒప్పుకున్నాకే ఆటో మళ్ళీ తీశాను. గంపలు మాత్రం ఎత్తను, ఎవరివి వాళ్ళే ఎత్తుకుంటారు. భయం పూర్తిగా పోలేదు. రోజూ వచ్చి పోయే చుట్టంలా మారింది.

తరగతులు జరుగుతూనే ఉన్నాయి. గ్రేస్ సిస్టర్ కొత్త నియమం పెట్టింది. రోగి వేషం వేసినవాణ్ణి ముట్టుకునే ముందు "నిజమా, నటనా?" అని అడగాలి. నటన అన్న జవాబు స్పష్టంగా రాకపోతే ఆట అక్కడితో ఆపి నిజంగానే చూడాలి. చాలాకాలం నేను వెనక వరుసలో కూర్చున్నాను, చాప వైపు పోలేకపోయాను. పోయిన తరగతిలో ధైర్యం చేసి పడుకున్నాను. వెల్లకిలా పడుకోగానే పైకప్పు తిరిగింది. ప్లాంటు క్యాంటీనులో వంట చేసే లక్ష్మి అనే అమ్మాయి పక్కన మోకరిల్లింది.

"మామా, నిజమా, నటనా?"

"నటనే తల్లీ."

ఆ పిల్ల నమ్మలేదు. నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. "చెమట పడతా ఉండాదే. మళ్ళీ చెప్పు మామా."

"భయం తల్లీ. నొప్పి లేదు. నటనే."

అప్పుడు గానీ మొదలుపెట్టలేదు. ఎవరూ నవ్వలేదు. ఆ హాల్లో జోకు వేయకుండా నేను సంతోషంగా ఉన్నది ఆ ఒక్కసారే.

చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ప్రతి ఊళ్ళో, ప్రతి ఇంట్లో నాలాంటి నవ్వులమారి ఒకడుంటాడు. వాడు గుండె పట్టుకుంటే నవ్వే ముందు ఒక్కసారి మొహంలోకి చూసి "నిజమా?" అని అడగండి. నిజమంటే అది గ్యాసేలే అని సోడా ఇప్పించకుండా ఈసీజీకి తీసుకుపోండి. జవాబు రాక, ఊపిరి కూడా సరిగా ఆడకపోతే, ఒకరు 108కి ఫోన్ చేయండి, ఒకరు ఛాతీ మీద చేతులు పెట్టి గట్టిగా, తొందరగా నొక్కండి. ఎముక విరిగితే విరగనీండి. బతికుంటే వాడే లేచి మిమ్మల్ని తిడతాడు.