ఇరవై మూడో ఫ్రేము

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. ఆఫీసులో లంచ్ టైములో ఎవరైనా మొదలుపెడితే టిఫిన్ డబ్బా పట్టుకుని వేరే బల్ల దగ్గరికి వెళ్లిపోయేదాన్ని. ఇప్పటికీ నమ్మను. కానీ నా దగ్గర ఒక నెగటివ్ ఉంది. దానికి మాత్రం జవాబు చెప్పలేను.

రెండువేల మూడు, నాలుగు ప్రాంతం. దేశ రాజధానిలో, సరోజినీ నగర్ గవర్నమెంటు క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా పై అంతస్తులో కాకినాడ వైపు నుంచి వచ్చిన మూర్తి అంకుల్, పద్మ ఆంటీ. వారమంతా ఫైళ్ల మధ్య ఉండే సెక్షన్ ఆఫీసరు ఆయన. ఆదివారం మాత్రం కెమెరాయే లోకం. నాకూ ఆ పిచ్చి అంటించి, తన పాత ఫిల్మ్ కెమెరా ఒకటి నా చేతిలో పెట్టారు.

ఊరికే పెట్టలేదు. బ్యాగులోంచి తీయగానే ముందు పట్టీ మెడలో పడాలి, తర్వాతే మిగతా పని. రీలు ఎండలో ఎక్కించకూడదు, ఎండకు వీపు తిప్పి ఆ నీడలో ఎక్కించాలి. మూత వేశాక ఎడమ పక్క పైన ఉండే నాబ్‌ను మెల్లగా తిప్పి రీలు బిగించాలి. ఆ తర్వాత ఫోటో ఫోటోకీ రీలు ముందుకు జరిపే లివర్ లాగినప్పుడల్లా ఆ నాబ్ దానంతటది తిరగాలి. తిరిగితే రీలు నడుస్తున్నట్టు. లేదంటే మనం ఉత్త గాలిని ఫోటో తీస్తున్నట్టు.

దూరంగా ఉన్నా ఆయన వదిలేవారు కాదు. చెయ్యి పైకెత్తి, బొటనవేలు, చూపుడువేలు కలిపి గాల్లో తిప్పేవారు. నాబ్ తిరుగుతోందా అని అడగడం అది. ముప్పై దాటినదాన్ని, ఇంకా చిన్నపిల్లకు చెప్పినట్టు చెబుతారేమిటని నాకు ఉక్రోషం. విసుక్కుంటూ తల ఊపేదాన్ని.

అందరినీ తీసిన ఆ మనిషికి తనదంటూ ఒక మంచి ఫోటో లేదు. ఆ జనవరిలో పద్మ ఆంటీ నన్ను వంటింట్లోకి పిలిచారు. "ఆయన్ని ఎవరు తీస్తారమ్మా? కెమెరా ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉంటదాయె. నువ్వు ఒక్కటి తియ్యి, గోడకి పెట్టుకుంటాను."

ఆ ఆదివారం పొద్దున్న లోధీ గార్డెన్స్‌కి వెళ్లాం. పొగమంచు. చెట్లకు మొదళ్లు లేవు, అక్కడి పాత సమాధుల గుమ్మటాలకు కింది సగం లేదు. నడిచేవాళ్లు పదడుగుల్లో మాయమై ఇంకోచోట తేలుతున్నారు. అడుగుల చప్పుడు దూది మీద పడ్డట్టుంది. ఆ తెల్లదనంలో నేనెక్కడున్నానో నాకే తెలియలేదు. వేళ్లు కొంకర్లు పోతుంటే గబగబా రీలు కొసను, దాన్ని చుట్టుకునే అవతలి ఇరుసులో దోపి మూత వేసేశాను.

అంకుల్ బూడిదరంగు శాలువా కప్పుకుని ముందు నడిచారు. నేను వెనకాల ఫోటోలు తీసుకుంటూ వెళ్లాను. ఒకచోట ఆయన ఆగి, నా వైపు తిరిగి, చెయ్యెత్తి రెండు వేళ్లు తిప్పారు. అప్పుడు కెమెరా నా కడుపు మీద వేలాడుతోంది. చేతులు రెండూ కోటు జేబుల్లో ఉన్నాయి. ఇది నాకు బాగా గుర్తు. నాబ్ వైపు చూడకుండానే తల ఊపాను.

మధ్యాహ్నం మిగిలిన రీలు పూర్తి చేద్దామని బాల్కనీలో కూర్చున్నాను. అది ముప్పై ఆరు ఫోటోల రీలు. కెమెరా మీది లెక్క ముప్పై ఆరు దాటింది. ముప్పై ఎనిమిది, నలభై. రీలు అయిపోతే ఆగిపోవాల్సిన లివర్ ఇంకా హాయిగా కదులుతోంది. మూత తీస్తే రీలు కొస అవతలి ఇరుసులోంచి ఊడి, పెట్టినచోటే పడి ఉంది. ఆ కొస తప్ప డబ్బాలోంచి ఒక్క అంగుళం బయటికి రాలేదు.

సిగ్గేసింది. వచ్చే ఆదివారం మళ్లీ తీస్తాను, ఎవరికీ తెలియక్కర్లేదు అనుకున్నాను. గురువారం అంకుల్ ఆఫీసు మెట్ల మీద కూలబడిపోయారు. ఆసుపత్రికి చేరేలోపే అంతా అయిపోయింది.

పెద్దకర్మ ముందు ఆంటీ అడిగారు. "ఆవేళ తీశావు కదమ్మా, వచ్చిందా?"

రేపు తెస్తానన్నాను. ఆ రీలునే మార్కెట్లో ల్యాబ్‌కు ఇచ్చాను. ఖాళీగా వస్తుందని తెలుసు. తప్పు ల్యాబ్ మీదికి నెట్టేద్దామని నా ఎత్తు. అంత సిగ్గుమాలిన పని నేను మళ్లీ చేయలేదు.

మర్నాడు ల్యాబ్ అతను కవరు ఇస్తూ, "ఏక్ హీ ఆయా హై, దీదీ. బాకీ పూరా ఖాలీ," అన్నాడు. ఒక్కటే వచ్చిందట, మిగతాదంతా ఖాళీయట.

ఇరవై మూడో ఫ్రేము. చుట్టూ తెలుపు. మధ్యలో అంకుల్, బూడిదరంగు శాలువా, పైకెత్తిన చెయ్యి, కలిపిన రెండు వేళ్లు. కొద్దిగా నవ్వుతున్నారు. నా కంటి ఎత్తు నుంచి తీసిన ఫోటో అది, కడుపు ఎత్తు నుంచి కాదు.

తెలిసినవాళ్లను చాలామందిని అడిగాను. రీలు మారిపోయిందేమో అన్నారు. మారితే అందులో మా అంకుల్ ఎందుకుంటారు? పాత రీలేమో అన్నారు. కొత్త డబ్బా నా చేత్తోనే విప్పాను. ఆ శాలువా ఆంటీ అంతకు ముందు రోజే కొన్నది. ఆయన దాన్ని కప్పుకుని బయటికి వచ్చిన మొదటి ఆదివారం అదే.

ఫోటో ఇప్పుడు ఆంటీ గోడ మీద ఉంది. వచ్చినవాళ్లకు, "చూశారా, కాఫీ కలపమంటున్నారు," అని చూపిస్తారు. అసలు సంగతి ఆవిడకు ఇన్నేళ్లయినా చెప్పలేదు. ఆ నవ్వు ఆవిడ మొహంలోంచి పోతుందని భయం.

నా ఇప్పటి కెమెరాకు రీలూ లేదు, నాబూ లేదు. అయినా నొక్కిన ప్రతిసారీ చూపు ఎడమ పక్కకే పోతుంది. డబ్బాలోంచి బయటికే రాని ఫ్రేము మీదికి ఆయన ఎలా వచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆంటీ ఇంటికి వెళ్లినప్పుడు, ఆవిడ కాఫీకి లోపలికి వెళ్లగానే ఆ ఫోటో ముందు నిలబడతాను. ఆయన రెండు వేళ్లు తిప్పుతూ అడుగుతూనే ఉంటారు.

తిరగలేదంకుల్, నేను చూడకుండానే తల ఊపాను, అని చెబుతాను.