మగ్గాల మోత

జపాన్‌లోని ఇచినోమియాలో ఊలు గుడ్డ నేయించే హిబినో తోకుజో రోజూ పొద్దున్నే వీధి మలుపులోని కాఫీ హోటలుకి వెళ్తాడు. కాఫీతోపాటు ఊరికే ఇచ్చే ఉడికిన గుడ్డుని బల్లకేసి కొట్టి, తీరిగ్గా పెంకు వలుస్తాడు. పక్కనే కూర్చున్న మనిషితో కూడా అరిచినట్టే మాట్లాడతాడు. "మెల్లగా బాబాయ్, నా కప్పులు పగిలిపోతాయి," అంటుంది హోటలు నడిపే మిత్సుయె. ఆ ఊళ్లో నేతవాళ్ల బేరాలన్నీ కాఫీ హోటళ్లలోనే. షెడ్డులో మరమగ్గాలు ఆడుతుంటే మనిషి మాట మనిషికి వినపడదు మరి.

మొన్న ఆయన దగ్గర గుడ్డ కొనే ఒసాకా దళారి ఒకాజిమా నేరుగా షెడ్డుకే వచ్చాడు. చైనా నుంచి వచ్చిన గుడ్డముక్క ఒకటి చేతిలో పెట్టాడు. హిబినో వేళ్ల మధ్య నలిపి చూశాడు. బాగానే ఉంది.

"సగం ధరకే వస్తోందండీ. ఇకమీదట మీ దగ్గర..." అని నసిగాడు దళారి.

"ఈ మోతలో ఏం వినపడుతుందయ్యా!" అని అరిచాడు హిబినో. "పద, కాఫీ తాగుతూ చెబుదువుగాని."

దళారి మగ్గాల వంక చూశాడు. వాటిమీద కప్పిన దుప్పట్లు ఎండాకాలం నుంచీ తీసినట్టు లేదు.

"అవునండీ," అన్నాడు గొంతు పెంచి, "చెవులు చిల్లులు పడుతున్నాయి."