రైటరు గారి జవాబు

షికాగో దగ్గర అరోరాలోని మా తెలుగు చర్చిలో మనుషుల్ని పరలోకానికి సిద్ధం చేసే పని పాస్టరుగారిది, అమెరికా సిటిజన్‌షిప్‌కి సిద్ధం చేసే పని నాది. ఫలితాలు నావే త్వరగా తెలుస్తాయి. ఎందరి ఫారాలు నింపానో గుర్తులేదు కానీ, ఒక్కటీ తిరిగి రాలేదని మాత్రం ఎవరూ అడగకపోయినా చెబుతుంటాను.

ఆ ఫారం చివర్లో కొన్ని ప్రశ్నలుంటాయి. గెరిల్లా దళంలో ఉన్నారా, పోలీసు దళంలో పనిచేశారా, ఎవరినైనా చంపడంలో మీ పాత్ర ఉందా అని. ఆరాధన అయ్యాక బిర్యానీ ప్లేటు పట్టుకుని కూర్చున్న పెద్దమనిషిని, ‘అంకుల్, మీరేమైనా మారణహోమం చేశారా’ అని అడగడం మర్యాద కాదు. అందుకని ఆ ప్రశ్నలన్నిటికీ ముందే ‘నో’ కొట్టి ఉంచిన కాపీ ఒకటి నా లాప్‌టాప్‌లో ఉండేది. పేరూ అడ్రసూ మారిస్తే సరిపోయేది.

నేను చెప్పబోయే అంకుల్‌ది కాకినాడ వైపు. భార్య పోయాక నేపర్‌విల్‌లో కూతురి దగ్గరికి వచ్చి పదిహేనేళ్లు దాటింది. చర్చిలో చివరి వరసలో కూర్చునేవారు, అయిపోయాక కుర్చీలు మడిచేవారు. ‘నాన్న రిటైర్డ్ గవర్నమెంట్ ఎంప్లాయీ అని రాసెయ్ అన్నయ్యా’ అంది కూతురు. రాసేశాను. ఆయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం కాబట్టి ఇంటర్వ్యూకి ఇంటర్‌ప్రిటర్‌గా నేనే బయల్దేరాను.

షికాగో వెళ్తూ కార్‌లో ప్రాక్టీసుకని ఆ ప్రశ్నలు మొదటిసారి తెలుగులో చెప్పాను. పోలీసు దళం దగ్గర ఆయన ఆపారు.

‘చేశాను కదా బాబూ. ముప్పై మూడేళ్లు.’

‘గవర్నమెంట్ జాబ్ అన్నారు కదంకుల్?’

‘పోలీసోడు గవర్నమెంటు కాదా మరి?’

స్టేషన్‌లో ఆయన రైటరట, అంటే కాగితాలు రాసే కానిస్టేబులు. దస్తూరి బాగుంటుందని స్పెషల్ పార్టీ పోలీసుల వెంట ఏజెన్సీ అడవుల్లోకి, నక్సలైట్ అన్నల కోసం కూంబింగ్‌కి తీసుకెళ్లేవారట. మూడేసి రోజులు నడక. ఊళ్లో ఏ ఇంట్లో అన్నం ఎక్కువ వండారో వీళ్లు ఆరా తీసేవారు. వీళ్లతో ఎవరు మాట్లాడారో తర్వాత అన్నలొచ్చి ఆరా తీసేవారు.

‘ఆ ఊరోళ్లకి మేమూ వాళ్లూ ఒకటే బాబూ. ఇద్దరికీ వండాలి, ఇద్దరి చేతా తన్నులు తినాలి’ అన్నారు. సీటుబెల్టు సర్దుకుని, ‘ఇవాళ ఒకటి చెప్పాలి. దేవుడికి చెప్పుకున్నాను గానీ, మనుషులెవరూ నన్నడగలేదు. ఈ కాగితం అడుగుతోంది’ అన్నారు.

‘అంకుల్, అదంతా ఫార్మాలిటీ. చెప్పారంటే కేస్ పెండింగ్‌లో పడేస్తారు. గ్రీన్‌కార్డ్‌కే ఎసరు రావచ్చు. తిరిగి పంపేస్తే ఎక్కడికెళ్తారు?’

‘వెళ్లేచోటే లేదు’ అన్నారు ఆయన. అది నా మాటకి ఒప్పుకోవడమే అనుకున్నాను. నా తప్పు అంచనాల్లో అదొకటి.

ఇంటర్వ్యూ చేసిన ఆఫీసరమ్మ నెమ్మదైన మనిషి. ఇద్దరం కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాం, అంకుల్ నిజం చెబుతానని, నేను దాన్ని ఉన్నదున్నట్టు అనువదిస్తానని. పోలీసు ప్రశ్నకి అంకుల్ ‘చేశానండి’ అన్నారు, నేను ‘యెస్’ అన్నాను. ఆవిడ నా ‘నో’ని ఎర్ర పెన్నుతో దిద్దింది. తర్వాత చంపడం గురించి అడిగింది.

అంకుల్ ఆవిడవైపే చూస్తూ తెలుగులో మొదలుపెట్టారు. ‘పొద్దున తొమ్మిదైందండి. వాగు పక్కన. ఇద్దరు. పాతికేళ్లుండవు. చేతులు వెనక్కి కట్టేసున్నాయి. ఒకడు మంచినీళ్లడిగితే నేనే పట్టాను. కాల్చింది నేను కాదండి. పక్కనే ఉన్నాను. కట్లు విప్పింది కూడా నేనే, తర్వాత. ఎదురుకాల్పులని రాసిందీ నేనే. అట్టాంటివి చాలా రాశానండి. అన్నిట్లోనూ ముందు కాల్చింది వాళ్లే.’

ఆవిడ నావైపు తిరిగింది.

‘ఎవరినీ కాల్చలేదంటున్నారు. ఈయనది ఆఫీస్ వర్క్, రిపోర్టులు రాసేవారట’ అన్నాను ఇంగ్లీషులో. అందులో వెతికినా ఒక్క అబద్ధం దొరకదు.

‘లేదు అనడానికి చాలాసేపు పట్టిందే!’ అంది.

‘తెలుగు కొంచెం పొడవైన భాష, మేడమ్.’

ఆవిడ నవ్వింది. నా జోకుల్లో బాగా పేలినవాటిని లెక్కపెట్టాల్సివస్తే, అది మొదటిది. అంకుల్ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. చూపించినచోట సంతకం పెట్టారు. అక్షరాలు నిజంగానే ముత్యాల్లా ఉన్నాయి. పాసయ్యారని ఆవిడ చెయ్యి కలిపింది.

తిరిగొస్తూ హైవే ఎక్కాక అంకుల్ అన్నారు.

‘ఆఫీస్ వర్క్ అన్నావు. అంతవరకూ అర్థమైంది బాబూ.’

‘మీ మంచికే అంకుల్.’

‘తెలుసు. మా ఎస్సైగారు కూడా అదే అనేవారు.’ నన్ను నొప్పించానేమో అనుకున్నారో ఏమో, వెంటనే, ‘నీ తప్పేం లేదులే. నేను మాత్రం మళ్లీ చెప్పానా? సంతకం పెట్టేశాను’ అన్నారు. కిటికీలోంచి చూస్తూ, ‘ఇంకెవరడుగుతారు?’ అన్నారు.

నేపర్‌విల్ ఇంకా నలభై నిమిషాలుంది. వాగు పక్కనున్న ఆ ఇద్దరి పేర్లు ఆయనకి గుర్తుండే ఉంటాయి, అడిగితే చెప్పేవారు. నేను ట్రాఫిక్ గురించి మాట్లాడాను.