నోటి తాళం

ఏలూరులో మా వీధిలో తాళాలు బాగుచేసే సాయిబుగారికి ఒక అలవాటుండేది. ఊరెళ్ళేవాళ్ళు తిరిగొచ్చే రోజు చెప్పబోతే రెండు చెవులూ మూసుకునేవారు.

"నాకు కూడా చెప్పకండమ్మగారూ. తలుపు తాళం నేను చూస్తాను. నోటి తాళం మీరే చూసుకోవాలండి."

అమ్మ నవ్వేసింది. ఆ దసరా సెలవులకు కొల్లేటి లంకలోని అమ్మమ్మగారింటికి పడవెక్కడానికి బయలుదేరుతుంటే, వీధిలో ప్రతివాళ్ళూ "మళ్ళీ ఎప్పుడండీ రావడం?" అని మర్యాదగా అడిగారు. "పౌర్ణమి వెళ్ళాకండీ" అని అమ్మ అంతే మర్యాదగా అందరికీ చెప్పింది.

తిరిగొచ్చేసరికి తాళం వేసినట్టే ఉంది. పెరటి గోడకు మాత్రం కన్నం ఉంది. ఇంట్లో చెంబు కూడా మిగల్లేదు.

కబురందుకుని వచ్చిన సాయిబుగారు తాళం ముట్టుకోలేదు. "ఎవరికి చెప్పారమ్మగారూ?" అని మెల్లగా అడిగారు.

అమ్మ వీధివైపు చూసింది. తను చెప్పినవాళ్ళందరూ అయ్యో పాపమంటూ మా ఇంటికే వస్తున్నారు.