బాలశౌరి గుండెలో చప్పుడు

రెంటచింతల నాపరాళ్ల క్వారీలో బాలశౌరి బండకు ఒక కొస పట్టాడంటే రెండో కొస పట్టడానికి మనుషులు వెనకాడేవాళ్లు. అతని నడకను అందుకోవడం కష్టం. అటువంటివాడు యుద్ధం జోరుగా సాగుతున్న నలభై రెండులో, తన ఇరవై రెండో ఏట, పట్టాళంలో చేరతానని గుంటూరు వెళ్లి వరసలో నిలబడ్డాడు.

అక్కడి డాక్టరు రొమ్ము మీద గొట్టం ఆనించి విన్నాడు. ఒంటికాలి మీద ఇరవైసార్లు గెంతించి మళ్లీ విన్నాడు. గుమాస్తాకు ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. గుమాస్తా పేరు కొట్టేసి, "గుండెలో ఏదో చప్పుడుందంట. పనికిరావు. బరువులు ఎత్తమాక" అన్నాడు.

ఆ కబురు బాలశౌరి కంటే ముందే ఊరు చేరింది. క్వారీ మేస్త్రీ అతని చేతిలోంచి గునపం తీసుకుని, బండ్ల దగ్గర కాపలా కూర్చోమన్నాడు. అతనికి అనుకున్న పిల్ల ఇన్నమ్మ. ఆమె తండ్రి ఒక ఆదివారం చర్చిలో పూజ అయ్యాక బాలశౌరి తల్లి మరియమ్మను పక్కకు పిలిచాడు. "ఏమీ అనుకోమాక వదినా. తెలిసి తెలిసి పిల్లనెట్టా ఇచ్చేది?" అన్నాడు. మరియమ్మ తల ఊపి వచ్చేసింది. ఆ వేసవిలోనే ఇన్నమ్మను కారంపూడి ఇచ్చారు.

మొదటి ఏడాది బాలశౌరి మాటిమాటికీ రొమ్ము మీద చెయ్యి వేసి చూసుకునేవాడు. తరవాత అదీ మానేశాడు. చస్తానన్న భయం ఎప్పుడు పోయిందో అతనికి తెలియదు. దానితోపాటే మిగతావీ పోయాయి. ఇంటికి పండగ వచ్చినా, వీధిలో ఎవరన్నా పోయినా ఒకటే. అమ్మ పెడితే తినేవాడు. నీళ్ల బిందె ఎత్తబోతే ఆమె లాక్కునేది. అతను వదిలేసేవాడు.

అట్లా అయిదేళ్లు గడిచాయి. నలభై ఏడు వానాకాలంలో పాదం మీద రాయి పడి పుండైతే గురజాల ఆస్పత్రికి వెళ్లాడు. కొత్తగా వచ్చిన డాక్టరు రామయ్య కట్టు కడుతూ సంగతంతా అడిగి, రొమ్ము కూడా విన్నాడు.

"నడిస్తే ఆయాసం వస్తుందా?"

"రాదండి."

"కాళ్లు వాస్తాయా? కళ్లు తిరిగి ఎప్పుడన్నా పడ్డావా?"

"లేదండి."

"మరి అయిదేళ్లుగా ఏం చేస్తున్నావు?"

"కూర్చుంటన్నానండి."

రామయ్య కాగితం తీసుకుని మద్రాసు పెద్దాసుపత్రికి ఉత్తరం రాశాడు. "చప్పుడు ఉన్నమాట నిజమే. ప్రతి చప్పుడూ జబ్బు కాదు. వెళ్లి తేల్చుకురా."

మరియమ్మ కూడా బయలుదేరింది. మద్రాసులో మొదటిరోజు రక్తపోటు చూడటానికి అతని దండచేతికి గుడ్డపట్టీ చుట్టి గాలి కొట్టారు. తాడేసి బిగించినట్టయింది. గాలి వదిలేసరికి చెయ్యి తిమ్మిరెక్కి మామూలైంది. రెండోరోజు చీకటిగదిలో చొక్కా విప్పించి, చల్లటి పలకకు రొమ్ము ఆనించి ఊపిరి బిగబట్టమన్నారు. ఎక్స్‌రే అన్నారు. నొప్పేమీ తెలియలేదు.

మూడోరోజు బల్ల మీద పడుకోబెట్టి, ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డలు రెండు మణికట్లకూ, ఎడమ చీలమండకూ చుట్టారు. వాటిమీద రేకులు బిగించి తీగలు తగిలించారు. మరియమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"కరెంటు పెడతారా అయ్యా?"

"మేం పెట్టేదేం లేదమ్మా," అన్నాడు మిషను దగ్గరి మనిషి. "గుండె కొట్టుకున్నప్పుడల్లా అందులోనే రవ్వంత కరెంటు పుడుతుంది. దాన్ని మిషను గీస్తుంది. నొప్పుండదు. కదలకుండా, మాట్లాడకుండా పడుకుంటే చాలు."

కదలకుండా పడుకోవడం బాలశౌరికి కష్టం కాలేదు.

ఫొటో కడిగినట్టు ఆ కాగితాన్ని కడిగి ఆరబెట్టేసరికి మధ్యాహ్నమైంది. తెలుగు తెలిసిన పెద్ద డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టి చూపించాడు. ఎగుడుదిగుడుగా ఒక గీత. "ఇది నీ గుండె. జబ్బేం లేదు. రక్తం పారేటప్పుడు కొందరికి అట్లా చప్పుడొస్తుంది, అంతే."

"బరువులెత్తొచ్చా?" మరియమ్మ అడిగింది.

"ఎత్తొచ్చు."

"పెళ్లి?"

"చేసుకోవచ్చు."

ఆమె పైట నోటికి అడ్డం పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. బాలశౌరి ఆ గీత వంక చూశాడు. ఎవరిదో అన్నట్టుంది.

"మందేమన్నా రాస్తారా?" అన్నాడు.

"లేని జబ్బుకు మందేముంటుందయ్యా?"

అతను చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. తిరుగు రైల్లో తల్లి జపమాల తిప్పుతూ కూర్చుంది. తనకు సంతోషం వస్తుందేమోనని అతను తెనాలిదాకా చూశాడు. పోనీ ఆ గుమాస్తా మీద కోపమన్నా వస్తుందేమో అనుకున్నాడు. గుంటూరులో దిగి బండి మారాడు.

మేస్త్రీ మళ్లీ గునపం ఇచ్చాడు. గంటలో అరచేతులు బొబ్బలెక్కాయి. నెలరోజులు ఒంటిపూట పనే చేయగలిగాడు. తరవాత రెండుపూటలా చేశాడు.

మూడేళ్లకు దాచేపల్లి నుంచి రెజీనమ్మ అనే విధవను చేసుకున్నాడు. పెళ్లయిన కొత్తలో ఆమె ఒకరోజు అన్నం వడ్డిస్తూ అడిగింది.

"నీకు ఇష్టమయ్యే చేసుకున్నావా నన్ను? మొహం చూస్తే తెలవటంలా."

"నాకూ తెలవటంలా," అన్నాడు బాలశౌరి.

ఆమె చారు పోసింది.