బండ మీద తెల్ల మచ్చ

1979 ఎండాకాలం. నంద్యాలలో నేను పనిచేసిన ఆసుపత్రి అప్పటికి చిన్నది. మగవాళ్ల వార్డు, ఆడవాళ్ల వార్డు, కాన్పుల గది, మందుల గది, అంతే. నేలంతా బేతంచెర్ల బండలు పరిచి ఉండేవి. నేను స్టాఫ్ నర్సుగా చేరి కొన్నేళ్లయింది. మా నాయన శిరివెళ్ల దగ్గర ఒక పల్లెలో బడి పంతులు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేదీ ఆయనే. ఆ గొంతు నాకూ వచ్చింది. నేను మగవాళ్ల వార్డులో అరిస్తే ఆడవాళ్ల వార్డులో పసిపిల్లలు ఏడుపు మానేస్తారని మా డాక్టరు గారు ఎగతాళి చేసేవారు. ఈ సంగతి జరిగిన రోజు ఆ గొంతే పనికొచ్చింది.

ఆ రోజు అమావాస్య. మా వైపు మేస్త్రీలు, బండలు పరిచేవాళ్లు, వాటికి పాలిష్ పట్టేవాళ్లు అమావాస్య నాడు పని ముట్టుకోరు. అందుకని మాకు దెబ్బలు తగిలిన కేసులు తక్కువగా ఉంటాయి. కాస్త తీరిక దొరికిందని దూది చుట్టలు చుట్టుకుంటూ కూర్చున్నాను. ఇంతలో ఆళ్లగడ్డ బస్సు దిగి, రిక్షాలో అడ్డంగా పడుకోబెట్టుకుని ఒక మనిషిని తెచ్చారు.

పేరు మహబూబ్. ముప్పై లోపు వయసు, రాయి మోసి గట్టిపడిన ఒళ్లు. ఆళ్లగడ్డలో ఎవరో కట్టుకుంటున్న కొత్త ఇంట్లో బండలకు పాలిష్ పడుతున్నాడు. వెంట వాళ్లమ్మ హుస్సేన్‌బీ, తోటి పనివాడు ఓబులేసు వచ్చారు.

"సిస్టరమ్మా, నా కొడుకును చూడమ్మా! చేతులూ కాళ్లూ కొంకర్లు పోతాండాయి. యా అల్లా, పొద్దున బాగుండె గదమ్మా!" అని హుస్సేన్‌బీ నా చెయ్యి పట్టుకుంది.

ఓబులేసు మహబూబ్ కాలెత్తి చూపించాడు. బొటనవేలికి మాసిన గుడ్డ చుట్టి ఉంది. "మొన్న బండ అంచు తగిలి తెగిందక్కా. బస్సులో అందరూ ధనుర్వాతమే అంటాండారు" అన్నాడు.

ధనుర్వాతం, అంటే టెటనస్. పుండులోకి చేరిన క్రిమి వదిలే విషానికి ఒళ్లంతా విల్లులా వంగి బిగుసుకుపోతుంది. ఆ రోజుల్లో మేము దాన్ని తరచూ చూసేవాళ్లం. బతికి ఇంటికి పోయినవాళ్లు తక్కువ. డాక్టరు గారు వచ్చి కాలు చూశారు, చేతులు చూశారు. "టెటనస్ లాగే ఉంది. ఏటీఎస్‌కు టెస్టు డోసు వెయ్యి. మూల గదికి మార్చి కిటికీలు మూయించు. ఎవరూ చప్పుడు చెయ్యొద్దు" అని చెప్పి ఓపీలోకి వెళ్లారు. ఏటీఎస్ అంటే ఆ విషాన్ని విరిచే సీరం. వెలుగు తగిలినా చప్పుడైనా ఒళ్లు ఇంకా బిగుసుకుంటుంది, అందుకే ఆ చీకటి గది.

"గొంతు మండుతాంది సార్, కడుపులో నిప్పులు పోసినట్లుంది" అని మహబూబ్ రెండుసార్లు అన్నాడు. డాక్టరు గారూ విన్నారు, నేనూ విన్నాను. కానీ కాలికి చుట్టిన ఆ గుడ్డ కనబడ్డాక మా ఇద్దరి బుర్రలూ దాని దగ్గరే ఆగిపోయాయి.

గది మార్చేలోపు బీపీ చూద్దామని మహబూబ్ జబ్బకు కఫ్ చుట్టాను. అదే, గాలి కొడితే ఉబ్బే గుడ్డపట్టీ. గాలి కొట్టి స్టెతస్కోపు పెడితే ఏమీ వినబడదు. పక్కన హుస్సేన్‌బీ ఏడుపు, పైన గడగడలాడే ఫ్యాను. "అమ్మా, ఒక్క నిమిషం నోరు మూసుకో తల్లీ!" అని కసిరి, మళ్లీ గాలి కొట్టి అట్లాగే పట్టుకున్నాను. ఎందుకో అతని చేతి వైపు చూశాను.

ఆ చెయ్యి దానంతట అదే కదులుతోంది. బొటనవేలు అరచేతిలోకి దూరింది. మిగతా వేళ్లు నిటారుగా చాచుకుని, ఒకదానికొకటి అతుక్కుని, మణికట్టుతో పాటు కిందికి వంగాయి. గాజులు తొడిగించుకునేటప్పుడు చెయ్యి ఎట్లా ముడిచి ఇస్తామో, అచ్చం అట్లా. గాజులమ్మే మనిషి లేడు, తొడిగే గాజు లేదు. కండలు తిరిగిన మగవాడి చెయ్యి ఎవరో లోపలి నుంచి ముడిచినట్లు ముడుచుకుపోయింది. గాలి వదిలాను. కాసేపటికి చెయ్యి సడలింది. మళ్లీ కొట్టి పట్టుకున్నాను. మళ్లీ అదే చెయ్యి.

"నేను చేస్తాండేది కాదక్కా, అదే పోతాంది" అన్నాడు మహబూబ్ భయంగా.

ఈ చెయ్యిని నేను ఇదివరకు చూశాను. నర్సింగ్ బడిలో శరీరశాస్త్రం చెప్పిన ట్యూటరమ్మ బోర్డు మీద గీసిన బొమ్మ ఇదే. బొమ్మ గుర్తుంది గానీ అది దేని గుర్తో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. చెయ్యగలిగింది ఒక్కటే. గొంతెత్తి "సార్!" అని అరిచాను. చీకటి గది, నిశ్శబ్దం, అన్నీ గాలికి పోయాయి.

డాక్టరు గారు పరుగెత్తుకొచ్చారు. ఆ చెయ్యి చూసి నిలబడిపోయారు. తర్వాత మహబూబ్ చెవి ముందు దవడ మీద వేలితో టక్కున కొట్టారు. పెదవి ఆ వైపుకు ఎగిరింది. ఆయన ముఖంలో రంగు పోయింది.

"సిస్టర్, ఇది టెటనస్ కాదు. టెటనీ. రక్తంలో కాల్షియం పడిపోయింది. ఇట్లాగే వదిలేస్తే గుండె ఆగుతుంది. కాల్షియం గ్లూకోనేట్ పట్టుకురా, పరుగెత్తు!"

ఈ కాల్షియం సంగతి రెండు మాటల్లో చెప్పాలి. ఎముకల్లో ఉండేది అదే, ఆకువక్కలో రాసుకునే సున్నంలో ఉండేదీ అదే. రక్తంలో అది ఉండాల్సింది కొంచెమే, కానీ ఆ కొంచెమే నరాలను అదుపులో పెడుతుంది. అది తగ్గితే మనం చెప్పకుండానే నరాలు కండరాలకు ఆజ్ఞలు పంపుతాయి. చేతులు ముడుచుకుంటాయి, మూతి లాగుతుంది. గుండె కూడా కండరమే గదా, అదీ తాళం తప్పుతుంది. బండలు మోసే గట్టి మనిషికి పొద్దున ఉన్న కాల్షియం మధ్యాహ్నానికి యాడికి పోయిందో మా ఇద్దరికీ అంతు పట్టలేదు.

మందుల గది నుంచి ఆంప్యూల్స్ పట్టుకుని తిరిగొచ్చాను. డాక్టరు గారు ఆక్సిజన్ సిలిండరు దొర్లించుకు రావడానికి వరండాలోకి వెళ్లారు. హుస్సేన్‌బీ కొడుకు తల ఒళ్లో పెట్టుకుని స్టీలు గ్లాసు అతని నోటికి ఆనిస్తోంది. పక్కన కాగితం పొట్లం విప్పి ఉంది, అందులో తెల్లటి పలుకులు.

"ఏందమ్మా అది?" అని అరిచాను.

"భేది ఉప్పే సిస్టరమ్మా. పొద్దున ఇచ్చినదానికి కడుపు కదల్లేదు. ఇంకొక గ్లాసు పడితే అంతా కడుక్కుని పోతాది."

ఏం ఆలోచించానో నాకే తెలియదు. గ్లాసును చేత్తో కొట్టేశాను. అది బండల మీద పడి దొర్లింది, నీళ్లన్నీ మంచం పక్కన చిందాయి. హుస్సేన్‌బీకి కోపం ముంచుకొచ్చింది. "ఏంది నీ పొగరు! మేము నెలనెలా తాగేదే గదా!"

ఓబులేసు కల్పించుకుని చెప్పాడు. రాయి పని చేసేవాళ్లకు కడుపులో రాతిపొడి పేరుకుంటుందట. అందుకని ప్రతి అమావాస్యకూ, పని లేని రోజు గనక, పరగడుపున భేది ఉప్పు నీళ్లు తాగి కడుపు కడుక్కుంటారట. తాతల నాటి నుంచీ అంతేనట. చెబుతూ చెబుతూ ఓబులేసు మాట మధ్యలో ఆగిపోయింది. అతని చూపు నేల మీద ఉంది.

నీళ్లు చిందిన చోట బండ మీద సన్నటి నురగ లేచింది. నల్లటి రాయి మీద తెల్లటి పొర తేలుతోంది. ఓబులేసు గొంతుక్కూర్చుని బొటనవేలితో ఆ తడిని రుద్దాడు, పైకెత్తి చూసుకున్నాడు.

"అక్కా, ఇది ఉప్పు గాదు. ఇది మా పాలిష్ పొడి. బండ మీద పోస్తే ఇట్లనే తెల్లగా తేలుతాది."

లోపలికి వస్తున్న డాక్టరు గారు ఆ మాట విన్నారు. "ఆగ్జాలిక్ యాసిడ్!" అన్నారు. సిలిండరు అక్కడే వదిలేశారు.

బండలకు మెరుపు తెచ్చే పొడి అది. బండలో సున్నం ఉంటుంది, ఆ సున్నాన్ని పట్టుకుని పైన గట్టి పొరగా మారుతుంది. మహబూబ్ కడుపులోకి పోయిన పొడి అతని రక్తంలోకి చేరి అదే పని చేసింది. బండ ఏది, మనిషి ఏది అని దానికి తేడా తెలియదు. కాల్షియం కనబడితే పట్టుకుంటుంది, అంతే. మా కళ్ల ముందు నేల మీద జరుగుతున్నదే మంచం మీద అతని ఒంట్లో జరుగుతోందని అప్పుడు అర్థమైంది.

కాల్షియం ఇంజెక్షన్ నరంలోకి చాలా నెమ్మదిగా ఎక్కించాలి. తొందరపడితే కాపాడాల్సిన గుండెనే ఆపేస్తుంది. నేను సిరంజి తోస్తున్నాను. డాక్టరు గారు స్టెతస్కోపు గుండె మీద పెట్టి "ఊ... ఊ... ఆగు... ఊ" అంటున్నారు. ఓబులేసును పాల కోసం టీ కొట్టుకు తరిమాం. పాలలో కూడా కాల్షియం ఉంది గదా, కడుపులో మిగిలిన పొడి దాన్ని పట్టుకుని రక్తం జోలికి పోకుండా ఉంటుందని. సిరంజి సగమైందో లేదో, ముడుచుకున్న ఆ చెయ్యి విచ్చుకోవడం మొదలుపెట్టింది. ముందు చిటికెన వేలు, తర్వాత ఒక్కొక్కటిగా మిగతావి, చివరికి బొటనవేలు. నేను ప్రభువా అన్నాను, హుస్సేన్‌బీ అల్లా అంది. డాక్టరు గారు ఎవరినీ తలచుకోలేదు, ముక్కు మీద చెమట తుడుచుకున్నారంతే.

అప్పుడు తెలిసింది ఏం జరిగిందో. ఇత్తడి బిందె తోముకోమని మహబూబే ఆ పొడి కొంచెం పొట్లం కట్టి ఇంటికి తెచ్చాడు. హుస్సేన్‌బీ దాన్ని గూట్లో భేది ఉప్పు పొట్లం పక్కనే పెట్టింది. రెండూ తెల్లనివే, రెండూ పలుకులే.

"నా చేత్తోనే ఇచ్చినానే! నా చేత్తోనే కలిపినానే!" అని ఆమె తన అరచేతిని మంచం కోడుకేసి కొట్టుకుంటుంటే పట్టుకుని ఆపాల్సి వచ్చింది. పాల చెంబుతో వచ్చిన ఓబులేసు గోడకానుకుని కూలబడ్డాడు. "ఆ పొట్లంలోదే నేనూ తాగాల్సిందక్కా. నేను తాగేలోపే ఈయప్పకు ఇట్లాయె, ఆసుపత్రికొచ్చే బస్సుకు టైమైందని ఆగినా" అన్నాడు.

గండం అంతటితో తీరలేదు. ఆ యాసిడ్, కాల్షియం కలిసి గట్టి పలుకులై మూత్రపిండాలకు అడ్డం పడతాయి. మూత్రం ఆగిపోయింది. మా ల్యాబ్ టెక్నీషియన్ అంతకుముందు పట్టిన కాస్త మూత్రాన్ని మైక్రోస్కోపులో చూపించాడు. పోస్టు కవర్ల ఆకారంలో పలుకులు మెరుస్తున్నాయి. అంత అందమైన వస్తువు మనిషిని చంపుతుందంటే నమ్మబుద్ధి కాలేదు. హుస్సేన్‌బీ అన్నం ముట్టకుండా మూత్రం పట్టే సీసా పట్టుకుని మంచం పక్కనే కూర్చుంది. చివరికి ఒక తెల్లవారుజామున సీసా నిండింది. ఆమె దాన్ని పైకెత్తి పట్టుకుని వార్డంతా తిరిగి ఒక్కొక్క రోగికీ చూపించింది. "పెట్టమ్మా కింద, పెళ్లి పాయసమా అది!" అని నేను అరుస్తున్నాను, ఏడుస్తూ నవ్వుతున్నాను.

ఇంటికి పంపే రోజు హుస్సేన్‌బీ మెల్లగా అడిగింది. "మరి కడుపులో రాతిపొడి ఎట్లా పోవాల సిస్టరమ్మా?"

సుద్దముక్క తీసుకుని నేల మీద బొమ్మ గీశాను. ముందు గాలి గొట్టం, వెనక అన్నం గొట్టం. రాయి చెక్కేటప్పుడు లేచే సన్నటి పొడి ముక్కులోంచి గాలి గొట్టంలో దిగి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. కడుపులోకి పోయేది ఏదో కొంచెం, అది మరునాటికి దానంతట అదే బయటికి పోతుంది. ఊపిరితిత్తుల్లోకి పోయింది మాత్రం ఏ ఉప్పుకూ కడుక్కుపోదు. మూతికి తడిగుడ్డ కట్టుకోవాలి, రాయి తడుపుకుని చెక్కాలి, అంతే.

మహబూబ్ ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. "మరి మా తాత, మా నాయన, నేను ఇన్నేండ్లు కడిగిందేందక్కా?" అన్నాడు.

వాళ్ల నాయన దగ్గి దగ్గి పోయాడని హుస్సేన్‌బీ అంతకుముందే చెప్పి ఉంది.

ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా నా మంచాల దగ్గరికి వచ్చిన ప్రతి మనిషినీ రెండు ప్రశ్నలు అడిగాను. ఏం పని చేస్తావప్పా? ఆ పని వల్ల నీ ఒంట్లో యాడ ఏం చేరుతుందనుకుంటాండావు? జనం నిజంగా ఉన్న రోగానికి మందు తాగరు, ఉందనుకున్నదానికి తాగుతారు. ఆ అనుకున్నదేదో కనుక్కోకపోతే మన పుస్తకాలూ ఇంజెక్షన్లూ సగం దూరంలోనే ఆగిపోతాయి.

కొన్నేళ్ల తర్వాత, ఎనభైల్లో, మా వార్డు బండలకు మళ్లీ పాలిష్ పట్టించారు. పని తీసుకున్నది మహబూబే. మూతికి తడిగుడ్డ, వెంట ముగ్గురు కూలీలు, వాళ్ల మూతులకూ తడిగుడ్డలు. నేల మొత్తం అద్దంలా తేలింది. మంచం పక్కన ఆనాడు నీళ్లు చిందిన చోట తేలి అట్లాగే ఉండిపోయిన తెల్ల మచ్చ దగ్గరికి రాగానే ఒక కూలీ రాయి పెట్టి రుద్దబోయాడు. మహబూబ్ అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆడ ముట్టొద్దప్పా. అది నేను తాగాల్సిన రెండో గ్లాసు."